కొమురెల్లి కోటు

గోదావరిఖని చౌరస్తా నుంచి మార్కెట్ వైపు తిరిగితే రెండో సందులో ఫ్లెక్సీల దుకాణం నాది. నా పేరు భూపాల్. ఈ బొగ్గు ఊళ్ళలో ఎవరు పుట్టినా, పోయినా, రిటైరైనా ముందు నా గడప తొక్కాల్సిందే. పుట్టినరోజైతే మనిషి వెనక సింహం, చావైతే పైన పావురాలు, రిటైర్మెంటైతే రెండు పక్కలా పూలదండలు. కింద వరసగా గుండ్రాల్లో చుట్టాల ముఖాలు. ఒక్క బావమరిది ముఖం తప్పిందా, ఆ ఇంట్లో దసరా దాకా మాటలుండవు. అందుకే నాకు ఖాళీ అంటే భయం. ఎక్కడ జాగా కనిపిస్తే అక్కడ ఓ పువ్వు పెట్టేస్తాను.

మా దుకాణంలో ఒక కోటు కూడా ఉంది. తొడుక్కునేది కాదు, కంప్యూటర్లో ఉన్నది. పోయినాయన ఫొటో తెమ్మంటే ఇంటివాళ్ళు ఏం తెస్తారు? ఆధార్ కార్డు తెస్తారు, లేదా ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటున్న ఫొటో తెస్తారు. అందులోంచి తల ఒక్కటి కత్తిరించి కోటు మీద అతికిస్తాం. అన్ని దుకాణాల్లోనూ ఇదే పద్ధతి. మిగతావాళ్ళు నెట్లోంచి ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి ఒళ్ళు దించుకుంటారు. నాది మాత్రం సొంతం. నా పెళ్ళి రిసెప్షన్ ఫొటోలోంచి నా తల నేనే తీసేసుకుని తయారుచేశాను. నీలం కోటు, ఎర్ర టై. మా సంధ్యారాణి ఇప్పటికీ దెప్పుతుంది: "నా మొగని ఒంటి మీద ఊరందరి తలకాయలేనాయె. రేపు నీకేం తొడుగుతరో ఏమో!"

హర్షిణి నా దగ్గరికి పనికి వచ్చింది బీకాం అయ్యాక. సెంటినరీ కాలనీ నుంచి బస్సులో వచ్చేది. ఫొటోషాప్ ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, నా పాత కంప్యూటర్ మీద చెయ్యి తిప్పుకుని, తానే నేర్చుకుంది. వాళ్ళ నాన్న కొమురెల్లి కాక గనిలో సపోర్టు పని చేసేవాడు. అంటే పైకప్పు కూలకుండా దిమ్మెలు మోసుకుపోయి నిలబెట్టడం. ఏళ్ళ తరబడి మోసీ మోసీ ఆయన కుడి భుజం కిందికి జారిపోయింది. హర్షిణికీ తండ్రి ఎత్తే, తండ్రి సన్నపు ఒళ్ళే. కుడి భుజానికి బరువైన బ్యాగు తగిలించుకుని సందు చివర నుంచి వస్తుంటే, ఎండలో సరిగా కనబడక "కాకా, రా!" అని పిలిచిన రోజులున్నాయి. దగ్గరికొచ్చి నవ్వేది.

ఇక వేదిక అనే అమ్మాయి సంగతి. మంథని పిల్ల. తాత లక్ష్మీనరసింహ గారు అక్కడ గుడి సేవలో ఉండేవారు. ఈమె డిజైన్ చదువు చదివి హైదరాబాద్‌లో కొలువు చేస్తోంది. ఆదివారం ఆదివారం ఇంటర్నెట్‌లో కూర్చుని, సొంతంగా నేర్చుకున్న పిల్లలు పంపిన పనులు ఒక్కొక్కటే తెరిచి, అందరి ముందూ తప్పులు చెబుతుంది. ఫీజేమీ లేదు. మనవాళ్ళకు తప్పులు పట్టడానికి ఫీజెందుకు? పోర్ట్‌ఫోలియో అంటారట, చేసిన పనుల్లో మంచివని ఏరి కట్టిన మూట. హర్షిణి మా దుకాణం ఫ్లెక్సీలు ఏరి ఆ మూట కట్టి పంపింది. నేను కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. నా దుకాణాన్ని హైదరాబాద్ చూస్తోందని ఒకటే సంబరం.

వేదిక మొదటి ఫ్లెక్సీ తెరిచింది. "హర్షిణీ, నేను ముందు ఎవరిని చూడాలి? బాబునా, సింహాన్నా, లేకపోతే కింద ఉన్న మేనమామలనా?" అంది. తర్వాత మూడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు పక్కపక్కన పెట్టింది. "ఈ ముగ్గురూ అన్నదమ్ములా? ఒకే కోటు, ఒకే టై, టై మీద ఒకే ముడత. పోనీ కోటు సంగతి వదిలెయ్. ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది, కోటు మీద కుడి నుంచి పడుతోంది. ఒక్క మనిషికి ఇద్దరు సూర్యులా?"

చూస్తున్నవాళ్ళంతా పగలబడి నవ్వే బొమ్మలు పంపారు. అవి తెర మీద పైకి పాకుతూ ఉన్నాయి. హర్షిణి లేచి ప్రింటింగ్ మిషన్ వెనక్కి పోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ పిల్లను ఏడిపించింది ఆ బొమ్మలే. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కింది. అది నా పెళ్ళి కోటు!

"ఆమెకేం ఎరుక మన గిరాకి సంగతి?" అన్నాను. "ఏసీల కూసోని అందరు చెప్తరు. గా మూట బంద్ చెయ్యి, పని చేస్కో."

హర్షిణి ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. "లేదన్నా, ఆమె చెప్పింది నిజమే. ఇద్దరు సూర్యులు నాకు గిప్పుడు కనవడుతున్నరు. ఇన్నొద్దులు ఎట్ల కనవడలేదో!"

ఆ రోజు నుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి. పిల్ల ప్రతి ఆదివారం తిట్లు తినడం, సోమవారం నుంచి ఆ తిట్లు నా గిరాకీ మీద ప్రయోగించడం. సింహం పోయింది. బంగారు రంగు అక్షరాలు పోయాయి. ఒకాయన తన తల్లి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూసి, "గీ పక్కకు జాగ ఖాళీగ ఎందుకిడ్సిపెట్టినవమ్మా? మా తమ్ముని అత్తగారోళ్ళను పెట్టరాదు," అన్నాడు. హర్షిణి ఓపిగ్గా చెప్పింది: "కాకా, అందరిని పెడితె మీ అవ్వ మందిల కల్సిపోతది. గిట్లయితె దూరం నుంచి సుత మీ అవ్వనే కనవడుతది." ఆయన తల గోక్కుని వెళ్ళిపోయాడు. మరుసటి నెల తన చిన్నమ్మ పోతే ఫ్లెక్సీకి మళ్ళీ ఆ పిల్లనే వెతుక్కుంటూ వచ్చాడు.

నేను పైకి గొణిగేవాణ్ణి కానీ లోపల గర్వంగానే ఉండేది. ఒక నెల అక్షరాల మధ్య ఎడం గురించి తిట్లు, ఒక నెల రంగుల గురించి. పోనుపోనూ వేదిక గొంతు మారింది. "ఇది పోయినసారి కంటే నయం. కానీ ఇంకా నువ్వు కనిపించడం లేదు హర్షిణీ. వేరేవాళ్ళ పనులు చూసి నేర్చుకున్నదే కనిపిస్తోంది. నీ ఊరు, నీ మనుషులు ఏరి?" అంది ఒకసారి. ఆ మాట పిల్ల బుర్రలో నాటుకుపోయింది.

కొమురెల్లి కాక మొదటి షిఫ్టు అయిపోయాక ఎప్పుడైనా గోదావరిఖనికి వస్తే మా దుకాణం ముందు స్టూలు మీద కూర్చునేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చాయ్ తాగేవాడు, బిడ్డ పని చూసేవాడు, పోయేవాడు. ఆయన రిటైర్మెంట్ దగ్గర పడింది. గనుల్లో రిటైర్మెంటంటే చిన్న పండుగ కాదు. చివరి షిఫ్టు దిగి బయటికి రాగానే దండలేస్తారు, డప్పులతో జీపులో ఇంటిదాకా ఊరేగిస్తారు. గని గేటు దగ్గర ఒకటి, ఇంటి ముందు ఒకటి ఫ్లెక్సీలు కడతారు. బతికుండగా మావాళ్ళు కోటులో కనిపించేది ఆ ఒక్క రోజే.

ఒక రోజు హర్షిణి భోజనానికి లోపలికి పోయినప్పుడు ఆయన కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. తెర మీద ఎవరిదో రిటైర్మెంట్ ఫ్లెక్సీ ఉంది.

"భూపాలు, నా దాన్ల సుత గీ కోటు ఎయ్యాలె," అన్నాడు.

"ఎయ్యక పోతమా కాకా? గాని గంత మనసెందుకైంది?"

ఆయన తెర మీది కోటును చూశాడు. "ఎందుకేందిరా? ముప్పై ఏండ్ల సంది బొగ్గుల పొర్లిన. కడుపు నింపింది, కాదంటలేను. గాని బొగ్గు పడని బట్టల ఒక్కసారన్న నన్ను నేను చూస్కోవద్దా?"

నేను హర్షిణికి ఆ మాట చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల నవ్వి, "బాపుకు కోటు పిస పట్టింది," అంది. అప్పటికే తన మనసులో వేరే ఫ్లెక్సీ ఉంది.

ఒక రోజు తెల్లవారే కెమెరా తీసుకుని గని గేటు దగ్గర నిలబడిందట. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న తండ్రిని స్నానాలకు పోకముందే ఆపింది. ఎడమ వైపు నుంచి పొద్దు అప్పుడే పైకి వస్తోంది. ముఖం నిండా బొగ్గు, అందులో రెండు కళ్ళు. బిడ్డను చూసి నవ్వబోయి, కెమెరాను చూసి ఆపుకున్న పెదవులు. ఆ ఒక్క ముఖం పెట్టి, చుట్టూ నలుపు వదిలేసి, కింద చిన్న తెల్లటి అక్షరాల్లో రాసింది: "ఇక పగలంతా నీదే, బాపూ."

అది చూసి నేను, ఖాళీ అంటే భయపడే నేను, నోరు తెరిచి నిలబడ్డాను. ఎక్కడా పువ్వు పెట్టబుద్ధి కాలేదు.

ఆదివారం వేదిక దాన్ని తెరిచి, పెద్దది చేసి మూలమూలా చూసింది. "ఇందులో తీసెయ్యడానికి ఏమీ లేదు. పెట్టడానికీ ఏమీ లేదు," అంది చివరికి. "ఇదీ నీ పని. మా ఆఫీసులో చూపిస్తాను, నువ్వు రావడానికి సిద్ధంగా ఉండు." నవ్వే బొమ్మలు పంపినవాళ్ళే ఈసారి చప్పట్ల బొమ్మలు పంపారు. హర్షిణి మళ్ళీ మిషన్ వెనక్కి పోయి ఏడ్చింది. ఈసారి నేను కూడా వెనకే పోయి తల మీద చెయ్యి వేశాను.

రెండు రోజులకు కొమురెల్లి కాక వచ్చాడు. బిడ్డ ఆయన్ను చెయ్యి పట్టుకుని తెర ముందు నిలబెట్టింది. ఆయన చూశాడు. చూస్తూ చూస్తూ భుజం మీది తువ్వాలుతో తన ముఖం తుడుచుకున్నాడు. ఆ పూట ఆయన ముఖం శుభ్రంగానే ఉంది.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు. "గిది అందరు చూస్తరా?"

"హైదరాబాద్ల సుత చూసిన్రు బాపూ! అందరు నిన్నే మెచ్చుకుంటున్నరు."

"మొకం కడుక్కున్నంక తీస్తె అయిపోవు గదా."

"కడుక్కుంటె ఏముంటది బాపూ? గిదే అసలు నువ్వు."

ఆయన నావైపు చూశాడు. నేను మిషన్ వైపు చూశాను. "మరి కోటు?" అన్నాడు నెమ్మదిగా.

హర్షిణి నవ్వేసింది. "గా కోటు భూపాలన్న పెండ్లి కోటు బాపూ. నీది గాని ఒళ్ళు నీకెందుకు? నీ ఒళ్ళు నీకు చాలదా?"

"నా ఒళ్ళు నేను రోజు చూస్తనే ఉన్న గద బిడ్డా," అన్నాడు కొమురెల్లి కాక. తువ్వాలు భుజాన వేసుకుని, "నీ ఇష్టం. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఎరుక," అని చాయ్ తాగకుండానే బస్సుకు వెళ్ళిపోయాడు. పిల్లకు ఆ పూట సంతోషం తలకెక్కి ఉంది. ఇరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి మెప్పు దొరికినవాళ్ళకు పక్కవాడి ముఖం కనిపించదు. దానికి నేను ఆమెను తప్పు పట్టను, ఎవరినీ పట్టనివ్వను.

ఆ నెలాఖరుకే రిటైర్మెంట్. నెలాఖరు రానే లేదు. ఒక సాయంత్రం క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని చాయ్ గ్లాసు అందుకున్న మనిషి, గ్లాసుతో సహా పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు పోయేసరికే ఏమీ మిగల్లేదు. గుండె అన్నారు. ఫోన్ వచ్చినప్పుడు హర్షిణి నా పక్కనే ఉంది. "అన్నా, మా బాపు..." అని ఆగిపోయింది. ఆ బస్సు కోసం చూసే ఓపిక ఎవరికుంది? బండి మీద ఎక్కించుకుని పోయాను. దారి పొడుగునా నా వీపు మీద ఆ పిల్ల నుదురు ఆనించి ఉంది.

వాకిట్లో పాలోళ్ళు, అంటే కాక ఇంటిపేరు మగవాళ్ళు, కాకకు స్నానం పోశారు. హర్షిణి దగ్గరికి పోబోతే ఆడవాళ్ళు రెండు చేతులూ పట్టుకుని ఆపారు. "నువ్వు దూరముండు బిడ్డా, వాళ్ళు చేస్తరు," అన్నారు. నాకు ఆ క్షణం బాగా గుర్తు. చెంబుల నీళ్ళు పోస్తుంటే చూస్తూ నిలబడింది. నీళ్ళు తన కాళ్ళ దాకా పారి వచ్చాయి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక చుట్టాలు ఫ్లెక్సీ సంగతి ఎత్తారు. రిటైర్మెంటుకు చేసింది ఉంది కదా, అక్షరాలు మార్చి అదే పెట్టేద్దామన్నారు. హైదరాబాద్‌లో మెచ్చుకున్న ఫొటో అని అప్పటికే కాలనీ అంతా తెలుసు. సారవ్వ, అంటే హర్షిణి తల్లి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"గది వద్దు. గా బొగ్గు మొకం వద్దు," అంది. "ఆయన కోటు అడిగిండు. నా తోని గాదు, దానితోని అడిగిండు. ఇంటికొచ్చి, బిడ్డ వద్దన్నదే అని ఒక్కటే మాట అన్నడు. అని నవ్విండు." బిడ్డవైపు తిరిగింది. "కోపానికి అంటలేను బిడ్డా. నీ అంత పని ఎవ్వలకు రాదు అంటరు గదా. నీ బాపుకు ఒక్క కోటు తొడుగు."

హర్షిణి తల్లి ఒళ్ళో తల పెట్టి అరిచి ఏడ్చింది. ఆ ఏడుపు నేను రాయలేను. చాలా చావుల ఫ్లెక్సీలు కొట్టినవాణ్ణి, చావంటే నాకు అలవాటే అనుకునేవాణ్ణి. ఆ రోజు లేచి బయటికొచ్చి బండికి ఆనుకుని నేనూ ఏడ్చాను.

మర్నాడు దుకాణానికి వచ్చింది. పది దినాలు కాకముందే గడప దాటుతావా అని పెద్దవాళ్ళు అన్నా ఆగలేదు. నా కోటు తెరిచింది. తండ్రి ఫొటో తెరిచింది. తల కత్తిరించి కోటు మీద పెట్టింది. చూసింది. తీసేసింది.

"వెలుగు కలుస్తలేదన్నా," అంది. "బాపు మొకం మీద ఎడమ దిక్కు పొద్దున్నది. కోటు మీద కుడి దిక్కు లైటున్నది. భుజాలు సుత బాపువి గావు. నీవి సక్కగున్నయి."

"గింత దూరం నుంచి ఎవ్వలు చూస్తరు బిడ్డా? పెట్టెయ్."

"నేను చూస్త. అవ్వ చూస్తది." నావైపు తిరిగింది. "అన్నా, గా కోటు నీ ఇంట్ల ఉన్నదా?"

సంధ్యారాణి పెట్టె అడుగు నుంచి తీసింది. డాంబరు గోళీల వాసన. ఇన్నేళ్ళుగా ఊరందరికీ తొడిగినా, అసలు కోటు ఒక్క పూట తప్ప ఎవరూ తొడుక్కోలేదు. సంధ్యారాణి దాన్ని దులిపి, ఇస్త్రీ చేసి, టైతో సహా హర్షిణి చేతిలో పెట్టింది.

ఆదివారం గనికి సెలవు. ఎవరూ ఉండరని ఆ రోజే చూసుకుని, తెల్లవారే నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయింది. కాపలా ఆయన కొమురెల్లి కాకను ఎరిగినవాడే. ఏందని అడిగాడు, చెప్పాను. తల ఊపి తన గదిలోకి పోయాడు. హర్షిణి కెమెరా సరిచేసి నా చేతికిచ్చింది. తండ్రి నిలబడ్డ చోటు వెతికి, చున్నీ తీసి బ్యాగులో పెట్టి, కోటు తొడుక్కుంది. టై నేను కట్టాను. నాకు సరిగా రాదు, ముడి రెండుసార్లు జారింది.

"బిడ్డా, మీ కాకనెవరినన్న నిలబెడితె అయిపోవు గదా," అన్నాను.

"బాపు ఒళ్ళు వాళ్ళకు రాలేదన్నా. నాకే వచ్చింది."

నిలబడింది. కుడి భుజం కొద్దిగా కిందికి వదిలింది. ఎడమ వైపు నుంచి పొద్దు వచ్చి కోటు మీద పడింది. కెమెరాలోంచి చూస్తే మెడ కింద అంతా కొమురెల్లి కాకే. నొక్కి చూపించాను. "మల్ల తియ్యన్నా, కదిలింది," అంది. మళ్ళీ తీశాను. మళ్ళీ కదిలింది. చివరికి కాపలా ఆయన గదిలోంచి కుర్చీ తెచ్చి, దాని వీపు మీద మోచేతులు ఆనించుకుని తీశాను.

అట్నుంచి అటే దుకాణానికి వచ్చాం. షట్టరు సగం దించి హర్షిణి పనిలో కూర్చుంది. మెడ దగ్గర అతుకు పెట్టడం నేననుకున్నంత కష్టమేమీ కాలేదు ఆ పిల్లకు. వెలుగు ఒక్కటే, నిలబడ్డ తీరు ఒక్కటే, రక్తం కూడా ఒక్కటే. కష్టమంతా ముఖం దగ్గర. ఆ ముఖం నిండా బొగ్గు ఉంది.

నుదుటి నుంచి మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా, పెద్దది చేసుకుని, ఒక్కో ముడతలోంచి నలుపు తీస్తూ వచ్చింది. చెంపలు, ముక్కు పక్కలు, గడ్డం కింద. నేను చాయ్ తెచ్చి పెట్టాను, చల్లారిపోయింది. మధ్యలో గొంతు తగ్గించి, "బాపూ, ఇటు జర," అనడం విన్నాను. ఆ రోజు వాకిట్లో పట్టుకుని ఆపారు కదా. ఇక్కడ ఆపేవాళ్ళు లేరు. బిడ్డ తండ్రి ముఖం కడిగింది.

ఒక్క చోట మాత్రం ఆగింది. కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా ఉంటుంది గని మనుషులకు. సబ్బుతో తోమినా పోదు, పెళ్ళికి పోయినా పోదు. "గిది ఉండనిస్తన్నా," అంది. "గిది తీస్తె బాపు గాదు." అదొక్కటీ ఉంచింది.

కింద గుండ్రాల్లో చుట్టాలందరినీ పెట్టింది. ఒక్క బావమరిది తప్పలేదు. పైన రెండు పావురాలు కూడా పెట్టింది, తల్లికి ఇష్టమని. అన్నీ ఉన్నాయి, అయినా చూడగానే కన్ను తిన్నగా పోయి కాక మీదే ఆగుతుంది. అది వేదిక నేర్పిన విద్య. కాదనను.

ఫ్లెక్సీ మిషన్ మీదికి పోయేముందు హర్షిణి కోటులో కాక ఉన్న ఫొటో ఒక్కటి వేదికకు పంపింది. ఎవరో ఏమిటో రాయలేదు. "అక్కా, తప్పులు చెప్పు," అని మాత్రం రాసింది. కాసేపట్లోనే జవాబు వచ్చింది. ఫోన్ నాకు చూపించింది. "ఫొటో చాలా బాగుంది. ఎవరు తీశారు? ఆయన నిలబడ్డ తీరులోనే జీవితం ఉంది. కానీ ఇందులో నువ్వు చేసింది ఏముంది హర్షిణీ?"

ఇద్దరు సూర్యుల్ని పట్టుకున్న కళ్ళకు అతుకు దొరకలేదు. హర్షిణి ఆ మాట రెండుసార్లు చదువుకుంది. తండ్రి పోయాక మొదటిసారి పెదవులు కొంచెం విచ్చుకున్నాయి, వెంటనే వంకర పోయాయి. టేబుల్ మీద తల పెట్టేసింది. "ఏం చెయ్యలేదక్కా అని రాయన్నా. నాకు రాయ వస్తలేదు," అంది. నేను ఏమీ రాయలేదు. ఆ వేదిక ఆ తర్వాత నిజం తెలిసి ఫోన్ చేసి ఏడ్చిందనుకోండి, అది వేరే సంగతి.

దినాల నాడు సెంటినరీ కాలనీలో క్వార్టర్ ముందు ఫ్లెక్సీ కట్టాం. భోజనాలకు గని మనుషులంతా వచ్చారు. రిటైర్మెంట్ రోజు డప్పులతో ఊరేగించాల్సినవాళ్ళే వచ్చి, ఫ్లెక్సీ ముందు చెప్పులు విడిచి దండం పెట్టారు. నీలం కోటులో, కడిగిన ముఖంతో, కుడి భుజం కొంచెం జార్చి, నవ్వబోయి ఆపుకుంటూ కొమురెల్లి కాక నిలబడి ఉన్నాడు. అతికించిన తలలు వాళ్ళెన్ని చూడలేదు? నా కోటు మీద తమ తమ్ముళ్ళను, అయ్యలను చూసినవాళ్ళే. అయినా ఒక్కరికీ అనుమానం రాలేదు.

పక్క క్వార్టర్ ఆమె బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. "గిదేంది సారవ్వా, అన్న కోటు ఎప్పుడు కుట్టించుకున్నడే? మాకు చెప్పనే లేదు. ఎంత సక్కగ సరిపోయిందో!"

సారవ్వ ఫ్లెక్సీ వైపు చూసింది. విస్తళ్ళ దగ్గర నీళ్ళు పోస్తున్న బిడ్డ వైపు చూసింది.

"ఆయన కుట్టించుకోలే అక్కా," అంది. "నా బిడ్డ కుట్టించింది."

కాలనీ ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు పోతూనే ఉంటాయి. పొద్దున కట్టిన ఫ్లెక్సీ మీద అప్పటికే సన్నగా నల్లటి దుమ్ము పడింది. సారవ్వ దగ్గరికి పోయి, కొంగు చివర తడుపుకుని, కోటు భుజం మీది బొగ్గు తుడిచింది. తుడిచాక కూడా చెయ్యి తీయకుండా అక్కడే నిలబడింది.